ఓబుళేసు పెరికిన ఐదు లైన్లు

"నాలుగింటికి కదా తిరుపాలక్కా మోటరు కరెంటు వచ్చేది, ఇంకా ముప్పావుగంట ఉండాది. టీ తాగి నీ డబ్బా చూస్తా. కరీం సాబ్, నీ టీకొట్లో చెప్తాండా, విను. మూడు దినాల కింద ఈయక్క చీనీకాయల తోటలో నేను చేసింది పెద్ద పనేం కాదు. ఆమె ఒళ్ళో ఉండాదే ఆ డబ్బా, చెట్లకు నీళ్ళు వదిలే చిన్న కంప్యూటరు, అది ఆన్ చేస్తే చాలు, తెర మీద ఐదు లైన్లు. ఈ సామాను ఉండాది, ఎవరూ సెట్ చేయలేదు, ఆ సామాను ఉండాది, దాన్నీ చేయలేదు అని. ఓబుళేసు ముందరే నసుగుతాదా?"

"నసిగితే ఏమప్పా?" అన్నాడు కరీం సాబ్.

"ఈపొద్దు ఐదు, రేపు యాభై. కూచుని, ఆ లైన్లు రాకుండా డబ్బా లోపల రాసిందంతా కలుపు పెరికినట్టు పెరికినా. మొదటిది పెరికితే బోరు గుర్రుమనింది. రెండోదానికి వెయ్యి అడుగుల నీళ్ళు నూరడుగులకు ఎగబాకినాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడోదానికి చుట్టుపక్కల ఎండిన బోర్లన్నీ పొంగినాయి. నాలుగోదానికి శింగనమల చెరువు నిండి బస్సులు నిలిచిపోయినాయి. కదిరి నుంచి ఫోను, అన్నా, ఇండ్లలోకి చేపలొస్తాండాయి, ఐదోది పెరకొద్దు అని."

"పెరికినావా?"

"సగంలో వదుల్తానా? అట్లా పోతాండే మేఘమొకటి వెనక్కి తిరిగొచ్చి, అన్నా, యాడ కురవమంటావని నన్నడిగింది."

తిరుపాలక్క డబ్బాను అతని ముందు పెట్టింది.

"ఓబుళేసూ, ఆ లైన్లు మొదటి దినం నుంచీ వస్తానే ఉండె. మనకు పనిలేని సామాను పేర్లవి, పట్టించుకోవద్దని డబ్బా బిగించినాయప్ప చెప్పిపోయినాడు. అవి వచ్చినన్నాళ్ళూ నీళ్ళు పారినాయి. నువ్వు పెరికినాక తెర శుభ్రంగా ఉండాది, వాల్వు ఒక్కటీ తెరుచుకోలేదు. మూడు దినాలాయ. కాయ రాలతాంది. ఏడేండ్లు పెంచిన చెట్లప్పా. ఏమేం పెరికినావో అవన్నీ తిరిగి పెట్టు."

ఓబుళేసు గ్లాసు కింద పెట్టాడు. డబ్బా వైపు చూశాడు గానీ ముట్టుకోలేదు.

"ఏం పెరికినానో గుర్తు లేదక్కా."

"మేఘం వచ్చి నిన్నడిగింది కదా," అంది తిరుపాలక్క. "ఇప్పుడు నువ్వు పోయి దాన్నడుగు. కరెంటుకు ఇంక అరగంటే ఉండాది."