గూడు కట్టలేదు

అందరికీ నమస్కారం. ఎలుకలక్క ఇక లేదు. ఆవిడ భర్త, నేను బావగారని పిలుచుకునే మనిషి, ముందు వరసలో కూర్చున్నారు. బావగారూ, ఈరోజు నేను మెత్తగా మాట్లాడలేను, క్షమించండి.

నా వెనక బ్యానర్ మీద ‘మా సంస్థ కుటుంబ సభ్యురాలు’ అని వేశారు. మూడు వారాల కిందట ఇదే సంస్థ ఆవిడకు ‘ఎలుకల సంరక్షణలో నిర్లక్ష్యం’ అని మెమో ఇచ్చింది. అది వెనక్కి తీసుకుంటారేమోనని ఎదురుచూస్తూనే గుండె ఆగి పోయింది.

ఇరవై రెండేళ్లు మన ప్రయోగశాల ఎలుకల్ని సాకింది అక్క. నేను చేరిన కొత్తలో సెంటు కొట్టుకుని వెళ్తే తలుపు దగ్గరే ఆపేసింది. "ఘుమఘుమలాడుతూ వచ్చి, ఎలుక ఎందుకు బెదిరిందో పేపరు రాస్తావా నాయనా? పో, స్నానం చేసి రా" అంది. అంత పీహెచ్‌డీ చేసినవాణ్ణి, నోరు మూసుకుని వెళ్లి స్నానం చేసొచ్చాను. ఆ రోజు నుంచే నా ప్రయోగాలు దారిన పడ్డాయి.

ఇక అసలు సంగతి. తల్లిదండ్రుల నుంచి వచ్చే లోపంతో మెదడు సరిగా ఎదగని పిల్లల కోసం ఒక మందు తయారుచేశాం. అదే లోపంతో పుట్టించిన ఎలుకలకు ముందు ఇచ్చి చూశాం. రోజంతా ఒళ్లు గీక్కునే ఎలుకలు గీక్కోవడం మానేశాయి. మనం కేకు కోసుకున్నాం. గుర్తుందా?

అక్క ఆ కేకు ముట్టలేదు. రోజూ సాయంత్రం ప్రతి బోనులో ఒక దూది ముక్క పెట్టేది. ఒంట్లో బాగున్న ఎలుక తెల్లారేసరికి దాన్ని పీకి గూడు కట్టుకుంటుంది. మందు తిన్న ఎలుకల దగ్గర దూది పెట్టింది పెట్టినట్టే ఉంది. బోను చీటీ మీద రాసింది, ‘గూడు కట్టలేదు’ అని. "ఇవి నెమ్మదించలేదయ్యా, మత్తుగా పడున్నాయి. దేని మీదా ధ్యాస లేదు" అని నాతో అంది. నేనేం చేశాను? మన ఫారంలో గూడుకి గడి లేదు. చీటీ మీద తేదీ తప్ప ఇంకేం రాయకూడదని రూలు. ఎర్ర పెన్నుతో కొట్టేశాను. అవును, ఆ ఎర్రగీతలు నావే.

డైరెక్టర్ గారూ, ఆ చీటీలు పట్టుకుని మీ గదికీ వచ్చింది కదా? "ఎలుకల మనసు కూడా చదువుతావా?" అని మీరు నవ్వలేదూ? పక్కన నిలబడి నేనూ నవ్వలేదూ?

మందు పదకొండు మంది పిల్లలకు ఇచ్చారు. వాళ్లూ నెమ్మదించారు. ఒక తల్లి ఫోన్ చేసి, "పాప చేతులు కొట్టుకోవడం మానేసిందండీ. బొమ్మ వైపు చూడటం కూడా మానేసింది. నేను పిలిచినా చూడట్లేదు" అంది. మందు ఆపి నాలుగు నెలలైంది. పాప ఇంకా తల తిప్పలేదు.

తప్పెవరిది? ఎలుకల్ని సరిగా చూడలేదని ఆ మెమో ఇచ్చి, బోనులు కడిగే అక్క నెత్తిన రుద్దారు. నాకు తెలుసు. నోరు మెదపలేదు. ప్రమోషన్ దగ్గర్లో ఉంది మరి.

ఇప్పుడు మిమ్మల్ని రెండు నిమిషాలు మౌనంగా నిలబడమని అడగమన్నారు. మౌనం మనకు కొత్తా? ఇన్నాళ్లూ చేసిందదే. సరే, లేవండి. లోపలికి వచ్చేటప్పుడు మీ అందరి చేతుల్లో ఒక్కో చీటీ పెట్టాను. అవి అక్క రాసినవే. ఎర్రగీత కింద ఆవిడ అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి. డైరెక్టర్ గారూ, మీ కుర్చీలోనూ ఒకటి పెట్టాను, చూడకుండా దాని మీదే కూర్చున్నారు. లేచి, తీసి చదవండి. పైకి వద్దు. మౌనంగానే.