పానాల పెట్టె

కడపలో బీరువాలూ పెట్టెలూ చేసి అమ్మే జయరాజ్ దుకాణం. బోరు బండి యజమానురాలు స్వర్ణలత, ఆమె దగ్గర ఇరవై ఏళ్ళుగా మెకానిక్కుగా ఉన్న బొజ్జన్న, దుకాణదారు జయరాజ్.

“ఇది వద్దంటావా బొజ్జన్నా? టేకు పెట్టె. చూడు ఎంత నున్నగా ఉందో.”

“చెక్కకు చెదలు పడతాయమ్మా. మన షెడ్డుకు పైన రేకులు తప్ప గోడలా పాడా? కింద ఎర్రమన్ను. రెండు వానలు పడితే పైకి పెట్టె మాదిరే ఉంటాది, లోపలంతా మన్నే ఉంటాది.”

“సరే, చెక్క వద్దు. జయరాజ్, ఆ నీలం ప్లాస్టిక్కుది దించు.”

“ఇది ఫస్టు క్లాసు మేడమ్. మూత చుట్టూ రబ్బరుండాది, వాన చుక్క లోపలికి పోదు. ఈడ కొక్కెం, ఈడ కొక్కెం. బీగం ఏసుకోవచ్చు.”

“ఎలకలు కొరుకుతాయి.”

“ఇంత మందం ప్లాస్టిక్కును కొరుకుతాయా అన్నా?”

“కంప్రెసరు వైర్లు కొరికినేటివి దీన్ని ఇడుస్తాయా? నువ్వొకసారి మా షెడ్డుకాడికొచ్చి చూడప్పా. పిల్లుల్ని తరిమే ఎలకలుండాయి. ఇంగ ఎండకాలం వస్తే ఈ మూత పెంకులు పెంకులుగా లేచిపోతాది.”

“అయితే ఇనపది. జయరాజ్, నిన్న ఫోన్‌లో చెప్పినావే, అది.”

“ఇదిగో మేడమ్. జి.ఐ. రేకు, తుప్పు పట్టదు. కాళ్ళు జానెడు ఎత్తు పెట్టినా. కాళ్ళ కింద గిన్నెలు పెట్టి పాత ఇంజనాయిలు పోసినారనుకో, చెదా ఎక్కదు, చీమా ఎక్కదు. పైరేకు ముందుకు వంచి చూరు మాదిరి చేసిస్తా, జల్లు కొట్టినా తలుపు మీద పడదు. ఎలక దూరేదానికి ఎంట్రుక సందు కూడా ల్యా.”

“ఇప్పుడు చెప్పు బొజ్జన్నా. చెద లేదు, ఎలుక లేదు, తుప్పు లేదు. ఇంకేం వంక పెడతావు?”

“బీగం ఉండాదా దీనికి?”

“బీగం లేని బీరువా యాడన్నా ఉంటాదా అన్నా! లోపలి బీగం. గునపం పెట్టినా రాదు.”

“బీగం చెవులెన్ని?”

“రెండు.”

“ఎవరి కాడ ఉంటాయమ్మా ఆ చెవులు?”

“అది నీకెందుకు?”

“ఊరికే అడుగుతాండా.”

“ఒకటి నా దగ్గర. ఒకటి శ్రీకాంత్ దగ్గర.”

“శ్రీకాంతప్ప కాడనా?”

“నా మరిది, షెడ్డు చూసుకునేది ఆయన. ఆయన దగ్గర కాకపోతే ఇంకెవరి దగ్గరుంటుంది?”

“అట్లయితే ఇదీ వద్దమ్మా.”

“ఏం? దీనికేమొచ్చింది?”

“ఎండకు కాలుతాది. పెనం మీద చెయ్యి పెట్టినట్లుంటాది. బొబ్బలెక్కుతాయి.”

“చెవి ఎవరి దగ్గరో తెలిసినాక కాలిందా?”

“అట్ల కాదమ్మా...”

“మరెట్ల? పొద్దున్నుంచి మూడు చూపించినా. మూడూ వద్దంటివి. నీ మనసులో ఏముందో నువ్వే చెప్పు.”

“నాపరాళ్ళతో గూడు కట్టిద్దాం. నాలుగు బండలు నిలువుకు, మూడు అడ్డానికి. చెద పట్టదు, ఎలక కొరకదు, వానకు నానదు, ఎండకు పగలదు. మన యర్రగుంట్ల కాడ ఎన్ని బండలు కావాలంటే అన్ని దొరుకుతాయి.”

“తలుపు?”

“తలుపెందుకమ్మా?”

“తలుపెందుకా! పానాలు పోతాండాయని పెట్టె కొనేదానికొస్తే, తలుపు లేని గూడు కట్టిస్తానంటావే!”

“మేడమ్, మీరు నిదానంగా మాట్లాడుకోండి. నేను టీ చెప్పొస్తా. అన్నా, ఈ సంచి కాళ్ళకు అడ్డం ఉండాది, అట్ల పెడతా... అబ్బా! ఏందప్పా ఇంత బరువు?”

“ముట్టుకోవద్దు! ఇట్లియ్యి. నా ఒళ్ళో ఉండనీ.”

“రాళ్ళు మోస్తాండావా ఏమి?”

“సద్ది.”

“సద్ది గణగణమంటాదా అన్నా?”

“పోయి టీ చెప్పుపో. తలకాయ తింటాండావు.”

“పోతాండా, పోతాండా.”

“బొజ్జన్నా, జయరాజ్ పోయినాడు. ఇప్పుడు మనిద్దరమే. ఈ నెలలో ఎన్ని పానాలు పోయినాయి?”

“నాలుగు.”

“తడుముకోకుండా చెప్పినావే.”

“మెకానిక్కును. నాకు తెలీకపోతే ఎట్లమ్మా?”

“పోయినవేవి? పదో నెంబరు, పన్నెండో నెంబరు ఒక్కటి కూడా పోలేదు. బండి మీద రోపు క్లాంపులు బిగించే పెద్ద పానాలే పోయినాయి. దొంగకు అంత తెలివెట్లొచ్చింది?”

“పాత ఇనుమోళ్ళు బరువుండేటివే చూస్తారు గదా.”

“బరువే కావాలంటే రాడ్లు ఉన్నాయి, జాకీ ఉంది. అవెందుకు ముట్టుకోలే?”

“నేనేం చెప్పేదమ్మా దానికి?”

“శ్రీకాంత్ ఏమన్నాడో నేను చెప్పేదా? మీ అల్లుడు పరమేష్ ఆదోనిలో సొంతంగా షెడ్డు పెడతాడంట. ఒక్కో సామానూ కూడబెడతాండారంట మామా అల్లుడూ.”

“పరమేష్ షెడ్డు పెట్టేదా! పొద్దున లేస్తే మీ బండి తప్ప ఇంగో లోకం తెలీదు వానికి. టవరు కింద నిలబడి రాడ్లు పట్టేది వాడే. కావాలంటే మా బిడ్డ మహేశ్వరిని అడగండి, మొగుని మొగం ఎప్పుడు చూసిందో!”

“ఆ సంచి తెరువు.”

“వద్దమ్మా.”

“తెరువు బొజ్జన్నా.”

“సారు పోయి రెండేండ్లయ్యింది. ఆయన ఉన్నప్పుడు ఒక్క దినమన్నా నా సంచి చూసినాడా?”

“ఆయన ఉన్నప్పుడు పానాలు పోలేదు.”

“అవునమ్మా. సారు పోనిచ్చేవాడు కాదు.”

“నువ్వు తెరుస్తావా, నన్ను తెరవమంటావా?”

“తెరవండి. చూసుకోండి.”

“ఇదేంది?”

“పానా.”

“ఎవరిది?”

“మనదే.”

“మనదే! ఎంత నిబ్బరంగా చెప్తాండావప్పా. నువ్వే గదా నాకు ఫోన్ చేసింది? ‘షెడ్డుకాడ పానాలు పోతాయమ్మా, జల్దీ ఏదో ఒకటి చెయ్యండి’ అని ఏడ్చినంత పని చేస్తివి. ఎత్తుకపోతాండేది కూడా నువ్వేనా? నిన్ను దొంగ అనేదానికి నోరు రావడంలేదు నాకు. నువ్వు చేసిన పనికి నాకే సిగ్గుగా ఉంది.”

“చెప్తి. చెప్పినా మీరు ఇనలే. అందుకే ఎత్తుకపోయినా.”

“నాకు అర్థమయ్యేట్ల మాట్లాడు.”

“ఆ పొద్దు ఫోన్‌లో మీరేమంటిరో గుర్తుండాదా? ‘పోతే పోనీలే బొజ్జన్నా, అంత దానికే భయపడతావేంది, మంచి గట్టి పెట్టె కొందాం’ అంటిరి. ఆ మాట ఇని నాకు రెండు దినాలు కూడు సయించలే. సారు పెండ్లామేనా ఈ మాట అనేది అని.”

“పెట్టె కొందామంటే అంత తప్పా?”

“ఐసు పెట్టె అనుకుంటి నేను! శవాన్ని పండబెట్టేది! ఈడికొచ్చినాక గదా సామాన్ల పెట్టె అని తెలిసింది. అప్పుడింగా కడుపు మండె. మడుసులు సచ్చిపోతారంటే ఈమె సామాన్లకు బీరువా కొంటాండాదే అని.”

“మనుషులు చచ్చిపోతారని నువ్వు ఎప్పుడు చెప్పినావు?”

“ఎప్పుడు చెప్పలే? ఫోన్ చేసిందే దానికి గదా! పానాలు పోతాయమ్మా, పానాలు పోతాయమ్మా అని ఎన్నిసార్లు చెప్తి?”

“ఆగు. ఆగు బొజ్జన్నా. పానాలంటే... ఇదిగో, నా చేతిలో ఉందే, ఈ పానాలే గదా?”

“ఆ పానా ఏంది! మడిసి పానం అమ్మా! ఈడ, గుండెకాయ కాడ కొట్టుకునే పానం!”

“ప్రాణాలా?”

“సదువుకున్నోళ్ళు మీరు అట్లంటారు. మా ఆదోని పక్క పానమే.”

“అయ్యో దేవుడా.”

“మీరేమనుకుంటిరి?”

“స్పానర్లు అనుకున్నా! షెడ్డులో స్పానర్లు పోతాండాయని చెప్పినావనుకున్నా. పోయి చూస్తే నిజంగానే పోయినాయి గదా!”

“అవి నేను ఎత్తినేటివి. మీకు చెప్పినాక, మీరు పెట్టె అన్నాక.”

“ఎవరి ప్రాణాలు బొజ్జన్నా? ఏం జరిగింది షెడ్డులో?”

“ఇంగా జరగలే. జరుగుతాది. రాడ్లు లేపే ఇనప రోపు ఉండాదే, పైన కప్పీ కాడ దాని పోగులు తెగినాయి. సగం కూడా మిగల్లే. కింద నిలబడితే అగపడదు, పైకెక్కి చూస్తే తెలుస్తాది. శ్రీకాంతప్పను పైకెక్కించి మరీ చూపిస్తి. ‘ఈ నాలుగు పాయింట్లు బోరేసి మారుద్దాంలే’ అన్నాడు. ‘కింద మీ అల్లుడుండాడని నీకు భయం’ అని నగినాడు. అవును, భయమే. దాచుకునేదేముండాది? రాడ్డు జారి మీద పడితే గుర్తుపట్టేదానికి కూడా మిగలడు వాడు.”

“అందుకని పానాలు దాచినావు.”

“ఇంగేం చేసేదమ్మా? క్లాంపులు బిగించకుండా టవరు లేపరు. పెద్ద పానా లేకుండా క్లాంపులు బిగించలేరు. ఒకటి దాస్తే ఆయప్ప ఇంగోటి తీసె. అది దాస్తే ఇంగోటి. నాలుగూ దాచేస్తి. మూడు మా ఇంట్లో జొన్నల గంపలో ఉండాయి. ఇది నా సంచిలో.”

“బీగం వద్దనేది ఇందుకేనా? ఎండా, ఎలుకలూ అన్నీ వంకలేనా?”

“ఎలకలు నిజమే. బీగం మాత్రం... పానాలు లోపలుండి, చెవి ఆయన చేతిలో ఉంటే నేనేం చేయల్ల?”

“నా ఇంటికొచ్చి నా మొగం మీద చెప్పకూడదా?”

“రావల్లనే అనుకుంటి. రెండుసార్లు గేటు దంకా వస్తి. పోతే పోనీలే అన్న మనిషి కాడ ఏం మాట్లాడల్లా అని ఎనక్కి పోతి.”

“నేను ఆ మాట అంటానని ఎట్ల అనుకున్నావు బొజ్జన్నా? ఇరవై ఏండ్లుగా చూస్తాండావు గదా నన్ను.”

“మీరూ ఇరవై ఏండ్లుగా చూస్తాండారు గదమ్మా నన్ను. దొంగ అనుకోలే?”

“అనుకున్నా. తప్పయ్యింది. మనసులో పెట్టుకోవద్దప్పా.”

“అంత మాట వద్దమ్మా. రోపు మార్పించండి, అది సాలు. అంతవరకూ ఏం భయంల్యా. ఈ పానా నా సంచిలో ఉన్నంతసేపు బండి షెడ్డు దాటదు.”

“మేడమ్, టీ తీసుకోండి. అల్లం ఎక్కువ ఏయించినా. ఏం తేల్చినారు? ఇనపదే గదా?”

“షెడ్డు దాటదంటావా బొజ్జన్నా...”

“మేడమ్? రంగు కూడా చెప్తే రేపటికి—”

“నువ్వు గమ్మునుండప్పా జయరాజ్. ఏమమ్మా? మొగం అట్లయ్యిందేంది?”

“నిన్న సందేళ నేనే పెద్ద పానా కొత్తది కొని శ్రీకాంత్ చేతికిచ్చినా బొజ్జన్నా.”

“ఏందీ?”

“తుమ్మలపల్లె పక్కన పాయింటు ఒప్పుకున్నాడంట. పానా లేక బండి నిలిచిపోయింది వదినా అంటే ఇచ్చినా.”

“ఎప్పటికి ఆ పాయింటు?”

“ఈ పొద్దే.”

“పొద్దున నేను షెడ్డుకు పోకముందే మీరు కారేసుకొని ఇంటికొస్తిరి. నేను బండిని చూడనే లేదు. పరమేష్‌కు చెయ్యండమ్మా. జల్దీ చెయ్యండి.”

“చేస్తాండా... రింగవుతాంది.”

“ఎత్తినాడా?”

“లేదు.”

“ఇంగోసారి చెయ్యండి.”

“చేస్తాండా బొజ్జన్నా... ఎత్తడంలేదు.”

“ఇంటికాడుంటే ఎత్తుతాడు. బోరు ఆడుతాంటేనే వానికి ఫోను ఇనపడదు. శ్రీకాంతప్పకు చెయ్యండి. మీరు చెప్తే ఆపుతాడు. నా మాట ఇనకపోయినా మీ మాట ఇంటాడు. చెయ్యండమ్మా, ఏం చూస్తాండారు?”

“శ్రీకాంత్ ఎత్తడు.”

“ఎందుకెత్తడు?”

“పెట్టె కొనాలని చెప్పి నిన్ను కడపకు పిలుచుకొనిపో వదినా, సాయంత్రం దాకా షెడ్డుకాడికి రానియ్యద్దు అని నన్ను పంపించింది ఆయనే బొజ్జన్నా.”