ఇవాళ్టి నుంచే

(టిక్కెట్లూ ప్రయాణాల ఇన్సూరెన్సులూ అమ్మే చిన్న ఆఫీసు. బల్లకి అటువైపు అమ్మాయి, ఇటువైపు ఏటా వచ్చే భార్యాభర్తలు. ఆయన బస్సు డిపోలో డ్యూటీ చార్టులు వేసి రిటైరయ్యారు. ఆవిడ ఇంట్లో మిషను కుడతారు.)

"ఇవాళ్టి నుంచే పెట్టమ్మాయ్."

"ఇవాళ్టి నుంచా, బాబాయిగారూ? ప్రయాణం రోజు నుంచి కాదా?"

"ఇవాళ్టి నుంచే అన్నాను కదా. అసలు ఇప్పుడు టైమెంత? ఈ గంట నుంచే మొదలయ్యేట్టు పెట్టడానికి వీలవుతుందా?"

"అదేం మాటండీ. ఓడ ఎక్కేది ఆరు నెలల తర్వాత. ఇవాళ్టి నుంచి ఇన్సూరెన్సు పెట్టుకుని ఇంట్లో ఏం చేసుకుంటాం? దండగ."

"నువ్వుండు."

"ఉంటాలెండి. ఉండక ఎక్కడికి పోతాను."

"పిన్నిగారూ, నేనేమైనా కలగంటున్నానా? ఏటా మీరేమో ఇవాళ్టి నుంచే అంటారు, బాబాయిగారేమో విమానం ఎక్కే రోజు నుంచి అంటారు. ఈ బల్ల దగ్గర కూర్చుని నా చెవులు చిల్లులు పడేదాకా వాదించుకుంటారు. ఇవాళ ఈయన మాట మీరూ, మీ మాట ఈయనా మాట్లాడుతున్నారేంటి?"

"నేనూ అదే అడుగుతున్నా తల్లీ. ఇంటి దగ్గర్నుంచీ అడుగుతున్నా. బస్సులో కూడా అడిగా. చెప్పరు."

"చెప్పడానికేముంది? ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందనుకో."

"నిన్నటిదాకా రాని బుద్ధి?"

"నిన్న రాత్రి వచ్చింది. చాలా?"

"పోనీ నేను ఒకసారి చెబుతాను, వినండి. పాలసీ మొదలైన రోజు నుంచి ఒక సంవత్సరం. ప్రయాణం రోజు నుంచి మొదలుపెడితే ఈ క్రూయిజూ, రానూపోనూ విమానాలూ, మళ్ళీ వచ్చే ఏడాది క్రూయిజూ అన్నీ అందులోకే వచ్చేస్తాయి. ఇవాళ్టి నుంచైతే వచ్చే ఏడాది ఓడ బయటికి పోతుంది. దానికి మళ్ళీ వేరే కొనుక్కోవాలి."

"మరి ఇవాళ్టి నుంచి పెట్టుకుంటే లాభమేంటో కూడా చెప్పు. అది మింగేస్తావేం?"

"మింగడమేముంది బాబాయిగారూ. ఓడ ఎక్కేలోపు ఎవరికైనా ఒంట్లో బాగోక ప్రయాణం మానుకోవాల్సొస్తే, కట్టిన డబ్బు తిరిగొస్తుంది. పిన్నిగారు ఏటా చెప్పేది అదే. మీరే కొట్టిపారేస్తారు."

"ఎందుకు కొట్టిపారెయ్యరు? నాకు పిరికిదాన్నని పేరు పెట్టారుగా. మా ఆవిడ మెట్లు దిగాలన్నా ఇన్సూరెన్సు అడుగుతుందని మా అక్క కూతురి పెళ్ళిలో అందరి ముందూ అన్నారు."

"అబద్ధమా? గ్యాసు కట్టానా లేదా అని వీధి చివర నుంచి మూడుసార్లు వెనక్కెళ్ళే మనిషివి."

"వెళ్ళాను కాబట్టే కొంప నిలబడింది. అమ్మాయ్, కిందటిసారి ఏం జరిగిందో తెలుసా? పాలసీ అయిపోయే రోజు సాయంత్రానికి విమానం దిగేట్టు వేశారు ఈయన లెక్క. ఆ విమానం కాస్తా ఆలస్యమైంది. నేను దారంతా వణుకుతూ కూర్చున్నా. ఈయన గడియారం చూసుకుని నవ్వుకుంటున్నారు."

"దిగామా లేదా? అర్ధరాత్రిలోపు దిగాం. ఒక్క రోజు దండగ కాలేదు. ఎంతమంది డ్రైవర్లని, ఎన్ని బస్సుల్ని సర్దినవాణ్ణి. రెండు ఓడల్ని ఒక ఏడాదిలో సర్దలేనా?"

"ఆ మనిషే ఇవాళ ఆరు నెలలు దండగ చేస్తానంటున్నారు. అదే నాకు అర్థం కావడం లేదు."

"బాబాయిగారూ, మరి రెండో ఓడ? సముద్రం కనపడే గది కావాలని నాకు ఎన్నిసార్లు ఫోన్ చేశారు మీరు?"

"రెండోది... దాని సంగతి అప్పుడు చూసుకుందాం."

"అప్పుడేంటండీ, రెండో ఓడకని నా చేత చొక్కాలు కూడా కుట్టించుకున్నారు. పాత కొలతలు పనికిరావని మళ్ళీ తీశాను."

"పొట్ట తగ్గింది. నడుస్తున్నా కదా పొద్దున్నే."

"నడుస్తున్నారు. వీధి మలుపు దాకా వెళ్ళి మందుల షాపు మెట్ల మీద కూర్చుని వస్తున్నారు. పాలాయన చెప్పాడు."

"వాడికేం పని లేదూ?"

"ప్యాంటు నడుము ఇప్పటికి రెండుసార్లు లోపలికి కుట్టాను అమ్మాయ్. మూడోసారి కుడితే వెనక జేబులు రెండూ ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి."

"ఇప్పుడు నా ప్యాంటు గొడవెందుకు ఇక్కడ? తల్లీ, నువ్వు పని కానివ్వు. ఇవాళ్టి నుంచే. డబ్బులు తెచ్చాను."

"సరే, మీ ఇష్టం. మీ ఫోనుకి ఓ నంబరొస్తుంది. అది చెబితేనే ముందుకెళ్తుంది."

"ఫోనా? ఆఫ్‌లో ఉంది."

"ఆన్ చెయ్యండి మరి."

"చార్జింగ్ లేదు."

"రాత్రంతా చార్జింగులో పెట్టాను. నిండుగా ఉంది."

"నువ్వు పెట్టావా? నాకు తెలీదు. అయినా ఎవడో ఒకడు చేస్తూనే ఉంటాడు, చిరాకు. మా ఆవిడ ఫోనుకి పంపు, నంబరు ఉందిగా నీ దగ్గర."

"ఉంది. పిన్నిగారూ, మీకు పంపనా?"

"పంపు. పనిచేసే ఫోను నాదొక్కటే ఇంట్లో."

"వచ్చిందా?"

"వచ్చింది. ఇదిగో, నువ్వే చూసుకో. నాకు అంకెలు సరిగా ఆనడం లేదు ఇవాళ."

"కళ్ళజోడు పెట్టుకునే ఉన్నావుగా?"

"ఉన్నాను. మసకగా ఉంది. తుడుచుకుంటా."

"అయిపోయింది. ఇక ఆరోగ్యం ప్రశ్నలు. ఏటా అడిగేవే, కాకపోతే అడక్కుండా వదిలెయ్యకూడదు. బాబాయిగారూ, బీపీ?"

"ఉంది, రాసుకో. మాత్ర వేసుకుంటున్నా."

"గుండె, షుగరు?"

"లేవు."

"ఈమధ్య డాక్టరు దగ్గరికి వెళ్ళారా?"

"దగ్గు. మామూలు దగ్గు. అందరికీ వస్తుంది."

"వెళ్ళారా, లేదా?"

"వెళ్ళాను. మందిచ్చాడు. తగ్గింది."

"తగ్గిందాండీ?"

"నిన్నెవరడిగారు?"

"పరీక్షలేమైనా చేయించుకుని, రిపోర్టు రావాల్సి ఉందా?"

"అంటే?"

"అంటే రక్తమో, స్కానింగో, ఏదో ఒక పరీక్ష. చేయించుకుని, ఏం తేలిందో ఇంకా తెలియనివి."

"తెలియనిదాన్ని నువ్వెలా రాస్తావు? తెలిస్తే కదా ఉన్నట్టు. తెలియనంతవరకూ లేనట్టే."

"అలా కాదు బాబాయిగారూ. చేయించుకుని ఉంటే చెప్పాలి. దాచిపెట్టారని తేలితే ఈ పాలసీ ఇక దేనికీ పనికిరాదు."

"లేవు."

"లేవా?"

"లేవని రాయి."

"రాయమంటారా?"

"ఎన్నిసార్లు చెప్పించుకుంటావు? లేవు. రాయి."

"సరే. పిన్నిగారూ, ఇదే ప్రశ్న. రిపోర్టులేమైనా రావాల్సి ఉన్నాయా?"

"రావాల్సినవి లేవు. వచ్చింది ఉంది."

"నీకా? నీకేం పరీక్షలు? నాకు చెప్పకుండా ఎప్పుడెళ్ళావు?"

"నాకు కాదు. మీకు."

"నాకేంటి?"

"అమ్మాయ్, ఆయన పేరు కింద లేవని రాయకు. రాసుంటే కొట్టెయ్యి."

"ఇంకా రాయలేదు పిన్నిగారూ."

"నీకెవరు చెప్పారు?"

"పొద్దున్న మీరు గడ్డం గీసుకుంటుంటే డాక్టరుగారు నా ఫోనుకి చేశారు. మూడు రోజుల్నుంచి మీది మోగడం లేదట. ఇద్దర్నీ రమ్మన్నారు."

"ఊ."

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం, పదండి."

"ఏమన్నాడు?"

"ఇంటికెళ్ళాక."

"ఇక్కడే చెప్పు. బస్సులో వినలేను నేను. ఈ పిల్ల పరాయిదేం కాదు."

"ఓడ గురించి అడిగాను. ఆరు నెలల తర్వాత ఓడ ఉంది డాక్టరుగారూ, ఎక్కొచ్చా ఈయన అని. అంత దూరం చూసుకోవద్దమ్మా అన్నారు."

"అంత దూరం."

"ఆ మాటే అన్నారు."

"ఆరు నెలలు దూరమా?"

"ఏవండీ..."

"నేను బయట కూర్చుంటాను పిన్నిగారూ. మీరిద్దరూ మాట్లాడుకోండి."

"వద్దు తల్లీ. కూర్చో. నువ్వు లేస్తే నేను ఏడుస్తాను."

"పొద్దున్నే తెలుసన్నమాట నీకు. తెలిసే టీ ఇచ్చావు. తెలిసే చొక్కా ఇస్త్రీ చేసిచ్చావు. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటానని నాతో పోట్లాడావు."

"పోట్లాడకపోతే మీకు అనుమానం వస్తుందని."

"ఇక్కడా అంతే. దండగ, దండగ అని అరిచావు."

"మరేం చెయ్యను? మీరు ఇవాళ్టి నుంచి అన్నప్పుడే నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇన్నేళ్ళలో ఒక్క రోజు దండగ చెయ్యని మనిషి. మీకూ తెలిసిపోయిందేమో అనుకున్నా. ప్రయాణం రోజు నుంచే పెట్టమ్మా అని మీ నోటితో ఒక్కసారి అంటే చాలనుకున్నా. రోజూ ఉన్నట్టే ఉన్నాం అనుకుని, ఈ పూట గడిపేద్దామనుకున్నా."

"నాకు తెలీదు. తెలుసుకోలేదు. ఫోను ఎత్తితే మొదలవుతుందని భయపడ్డాను. ఈలోపల ఇది కొనేస్తే, ఆ తర్వాత ఎప్పుడు తెలిసినా ఫరవాలేదనుకున్నా. కనీసం ఓడకి కట్టిందైనా నీ చేతికి తిరిగొస్తుందని."

"ఆ డబ్బు తీసుకుని నేను ఎవరితో వెళ్ళాలి?"

"అంత దూరం ఆలోచించలేదు."

"ఫోను ఎత్తితే మొదలవడమేంటండీ. మొదలై ఎన్నాళ్ళో అయింది. రెండోసారి ప్యాంటు కుట్టినప్పుడే నాకు అర్థమైంది. దారం తెంపి, మిషను మీద తల పెట్టుకుని కూర్చున్నా చాలాసేపు. మీరు పక్కగదిలో ఓడ బొమ్మలు చూసుకుంటున్నారు."

"ఒక్క మాట అడగాల్సింది."

"అడిగితే మీరేం చెబుతారు? నడుస్తున్నా అంటారు."

"భయంగా ఉందోయ్."

"నాక్కూడా. ఇలా ఇవ్వండి చెయ్యి."

"నీ చెయ్యే చల్లగా ఉంది."

"మంచినీళ్ళు తాగండి బాబాయిగారూ. ఇదిగో. పాలసీ నేను ఆపేస్తాను. మీరేం సంతకం పెట్టక్కర్లేదు. ఓడ వాళ్ళకి కూడా నేనే రాసి చూస్తాను. కొంతైనా ఇస్తారేమో."

"అమ్మాయ్, అది తర్వాత రాద్దువుగాని. ముందు నాకొకటి చూసిపెట్టు. ఈ వారంలోనో, పై వారంలోనో బయల్దేరే ఓడలేమున్నాయి?"

"ఈ వారమా?"

"చిన్నదైనా ఫరవాలేదు. మూడు రాత్రులదో, నాలుగు రాత్రులదో. గది ఏదైనా సరే, సముద్రం బయటికొచ్చి చూసుకుంటాం."

"ఏమంటున్నావు నువ్వు?"

"డాక్టరుగార్ని అది కూడా అడిగాను. మరి ఇప్పుడైతే ఎక్కొచ్చా అని. ఇప్పుడు బానే తిరుగుతున్నారు కదమ్మా, వెళ్ళాలనుకుంటే ఇప్పుడే వెళ్ళండి, వచ్చాక మందులు మొదలుపెడదాం అన్నారు."

"ఓడలు ఉంటాయి పిన్నిగారూ. ఉంటాయి గానీ, రిపోర్టు వచ్చేసింది కదా. ఇప్పుడు ఈ జబ్బుకి ఇన్సూరెన్సు ఎవరూ ఇవ్వరండీ. చాలా ఓడల వాళ్ళు అది లేకపోతే ఎక్కనివ్వరు."

"విన్నావుగా. నడి సముద్రంలో నాకేదన్నా అయితే ఏం చేస్తావు నువ్వు? గ్యాసు కట్టానా అని వెనక్కి రావడానికి కూడా కుదరదక్కడ."

"కుదరదు. తెలుసు. అమ్మాయ్, ఇన్సూరెన్సు అడక్కుండా ఎక్కించుకునే ఓడ ఎక్కడో ఒకటి ఉంటుంది. అది వెతుకు."