తలంటు పోసుకున్న సర్వర్

మా కోడలు రజనీకుమారి కంపెనీని భిలాయిలో ఇంతెత్తున నిలబెట్టినదాన్ని నేనే. కోడలు కూడా కొంచెం సాయం చేసింది. ఈ మాట మా వరండాలో ఎన్నిసార్లు చెప్పినా ఇంతవరకు ఒక్కరూ కాదనలేదు, ఎందుకంటే నేను చెప్పే వేళకి వాళ్ళ నోళ్ళనిండా నా గారెలుంటాయి.

కంపెనీ అంటే చిమ్నీలూ గేటూ సైరనూ అనుకునేరు. సెక్టర్ 7లో మా క్వార్టర్ ముందుగది, అందులో ఒక కంప్యూటరు, ఒక ఫోను. ఎవరికైనా తమ దుకాణం గురించో సంఘం గురించో ఇంటర్నెట్‌లో పేజీ పెట్టుకోవాలంటే దానికి చోటు కావాలి కదా, ఆ చోటు మా కోడలు అద్దెకిస్తుంది. వెబ్ హోస్టింగ్ అంటారు. మా అబ్బాయి మనోజ్‌కుమార్ స్టీల్ ప్లాంటు రైల్ మిల్లులో షిఫ్టులకి పోతాడు, ఈవిడ ఇంట్లో కూర్చుని ప్రపంచానికి చోటు పంచుతుంది. కస్టమర్లు ఫోన్ చేస్తే ఎత్తే డ్యూటీ నాది. అంటే, మొన్నమొన్నటిదాకా నాది. పోయిన నెల కోడలు ఆ ఫోనుకి తనంతట తనే మాట్లాడే యంత్రమొకటి తగిలించి, నన్ను రిటైర్ చేసింది. పార్టీ కూడా ఇవ్వలేదు.

నెలకొక ఆదివారం సాయంత్రం కస్టమర్లందరూ మా వరండాలో కలుస్తారు. ఆ ఆచారం నేను పెట్టిందే. పేజీ పని ఒకరికొకరు నేర్పుకుంటారు, వైశాలి నగర్‌లో టెంట్ హౌస్ నడిపే పోలయ్యకి ఫొటోలు ఎక్కించడం ఇక్కడి చర్చిలో క్వయర్, అదే పాటల బృందం, నడిపే డైసీయే నేర్పింది, డైసీ వాళ్ళ క్రిస్మస్‌కి పోలయ్య కుర్చీలు వేశాడు. రూలు ఒక్కటే: ముందు తినాలి, తిన్నాకే కంప్లెయింటు. కడుపులో నాలుగు గారెలు పడ్డాక ఏ మనిషీ గట్టిగా అరవలేడు. అరిచినా సగంలో తేనుపొస్తుంది.

ఆ మే నెల ఆదివారం నరసింగరావు పక్కనున్న నందిని ఊరి నుంచి స్కూటర్ మీద వచ్చాడు. మా ఆయనతో కలిసి పనిచేసిన మనిషి, నన్ను వదినా అంటాడు. రిటైరయ్యాక అక్కడి తెలుగు సంఘానికి పెద్ద. వాళ్ళ సైట్‌లో ఈ ప్రాంతపు మనవాళ్ళ పెళ్ళి సంబంధాలుంటాయి. వచ్చి కూర్చున్నాడు. ప్లేటు చేతికిస్తే తీసుకుని స్టూలు మీద పెట్టేశాడు.

“నేను తినడానికి రాలేదు వదినా. రెండు రోజులుగా మా సైట్ బంద్. రేపు విజయనగరం నుంచి మగపెళ్ళివారు అందులో పిల్ల వివరాలు చూసుకుంటామన్నారు. ఇంక మా సామాను మేం సర్దేసుకుంటాం. రాయ్‌పూర్‌లో పెద్ద కంపెనీ ఉందట, మాట్లాడేశాను.”

వరండాలో నములుడు ఆగిపోయింది. మా కస్టమర్లలో సగంమంది నరసింగరావు చెయ్యి పట్టుకుని వచ్చినవాళ్ళే. ఆయన మెట్టు దిగితే వాళ్ళూ దిగుతారు, అప్పుడు మా కంపెనీలో మిగిలేది నేనూ, గారెల మూకుడూ. లోపల కంప్యూటర్ ముందు రజని వేళ్ళు టకటకలాడుతున్నాయి, సైట్‌ని లేపడానికి పొద్దుటినుంచీ తంటాలు పడుతోంది. కిటికీలోంచి నావైపు ఒక చూపు చూసింది. ‘అత్తా, ఆయన్ని కాసేపు ఆపండి’ అని ఆ చూపు. ఆపడం నాకు చేతకాదా!

“తీసికెళ్ళు బాబూ, ఎవరొద్దన్నారు? కానీ ఏం వదిలేసి పోతున్నావో తెలుసుకుని పో. ఇలాటి మే నెలే, కొత్తలో. సర్వర్ వేడెక్కిపోయింది. నేను చేసింది ఏదో చిన్న పనే, చెప్పుకోదగ్గది కాదు. హాల్లో కూలర్‌ని లాక్కొచ్చి దాని ముందు పెట్టాను. కొత్త వట్టివేళ్ళ తడకలు, నిండా నీళ్ళు. ఆ తర్వాత ఏటైందో తెలుసా?”

“వేడి తగ్గుంటాది,” అన్నాడు పోలయ్య.

“తగ్గడమా! వైజాగ్ నుంచి ఒకాయన ఫోను, అమ్మా మీ సైట్ తెరిస్తే గదంతా వట్టివేళ్ళ వాసన, ఏ కంపెనీ అగరొత్తులు వాడతారూ అని. జగదల్‌పూర్‌లో ఒక లాయరు, మండుటెండలో స్వెట్టరేసుకుని మెయిల్ చూసుకునేవాడు, చుట్టుపక్కలవాళ్ళు వచ్చి ఆయన కంప్యూటర్ ముందు నీళ్ళ సీసాలు పెట్టుకుని చల్లబడ్డాక పట్టుకుపోయేవారు. దుబాయ్ షేక్‌గారైతే, మీ పేజీ తెరిస్తే మంచు పడుతోంది, ఎత్తి పోయడానికి ఇద్దరు మనుషుల్ని పెట్టాను అని గోల.”

“మా క్వయర్ పేజీకి ఏమీ కాలేదా ఆంటీ?” అంది డైసీ.

“కాకేం! నీ పేజీ ఎవరు తెరిచినా పాటకి ముందు దగ్గు వినపడేది. చల్లగాలికి మీ అందరి గొంతులూ పట్టేశాయి. మిరియాల కషాయం కాచి కీబోర్డులో పోద్దామనుకున్నాను, కోడలు పడనిచ్చింది కాదు.”

నరసింగరావు ప్లేటువైపు చూడకుండా అన్నాడు, “అంత తడిస్తే మిషను పాడవదేటి?”

“అక్కడికే వస్తన్నాను. తడిసింది ఎలాగూ తడిసింది కదా అని కుంకుడుకాయలు కొట్టి తలంటు పోసేశాను. పెరట్లో మంచం మీద వడియాల పక్కన ఆరేశాను. ఆరిందా, నిప్పుల మీద ఇంత సాంబ్రాణి వేసి పొగ పెట్టాను. కంప్యూటర్లకి వైరస్‌లంటారు చూడు, ఒక్కటంటే ఒక్కటి బతకలేదు. పొద్దున్న ఊడిస్తే చేటడు వచ్చాయి.”

పోలయ్య నవ్వాపుకోలేక స్తంభం వెనక్కి తిరిగాడు. నరసింగరావు మీసం ఒక పక్క కదిలింది గానీ చెయ్యి ప్లేటు దగ్గరికి పోలేదు. కూలర్ చాలలేదన్నమాట. నేను కుర్చీ ఇంకొంచెం ముందుకి జరుపుకున్నాను.

“ఇంకోసారి రోడ్డు తవ్వేవాళ్ళ గునపం తగిలి ఫోన్ తీగ పుటుక్కున తెగింది. లోపల కోడలు ఏడుపు. నేను పోయి గోతిలో దిగాను, ఈ కొస ఈ చేత్తోటి, ఆ కొస ఆ చేత్తోటి పట్టుకున్నాను. ఆ తర్వాత ఏటైందో తెలుసా? మొత్తం కంపెనీ నా ఒంట్లోంచి నడిచింది. కుడిచేత్తో ఎక్కి, భుజాల మీదుగా పోయి, ఎడమచేత్తో దిగిపోవడం. పోలయ్య కుర్చీలు దొంతరలు దొంతరలుగా వచ్చాయి, ఎర్రవి. ఈ భుజం నొప్పి అప్పటిదే.”

“ఎర్రవి నేను తరవాత కొన్నాను కదమ్మా,” అన్నాడు పోలయ్య.

“అందుకే బరువెక్కువున్నాయి, ఇంకా పుట్టని కుర్చీలు. మాట మధ్యలో రాకు. డైసీ క్వయర్ మోచేతి మలుపులో శ్రుతి తప్పింది, సగంమంది వెనక్కి తిరిగి చంకలోకి పోబోతుంటే కసిరి దారిలో పెట్టాను. ఆ వెనక నందిని పెళ్ళికొడుకులు, ఒకడి వెనక ఒకడు, తల దువ్వుకుని. ఒకడు వయసు తగ్గించి రాసుకున్నాడు. ముంజేతి దగ్గర పట్టుకుని, నిజం చెప్తేనే దాటనిస్తానన్నాను. చెప్పాడు.”

“ఎవడు వాడు?” నరసింగరావు ఠక్కున అడిగాడు.

“పెళ్ళైపోయింది లే, ఇప్పుడెందుకు పాపం. అసలు కష్టం అక్కడ కాదు. ముక్కు దురద పుట్టింది. రెండు చేతుల్లోనూ కంపెనీ ఉంది, గోక్కోడం ఎలాగ? తుమ్మాను. ఆ తుమ్ముకి మీ పెళ్ళికొడుకులు ఎగిరి బిలాస్‌పూర్ హోమియోపతి డాక్టర్‌గారి పేజీలో పడ్డారు. పడినవాళ్ళు ఊరుకున్నారా? అక్కడ మందుకొచ్చినవాళ్ళ ఆడపిల్లల్ని చూసుకుని సంబంధాలు కుదుర్చుకున్నారు. ఆ డాక్టర్‌గారు ఇప్పటికీ శుభలేఖ రాలేదని నామీద అలిగే ఉన్నారు.”

నరసింగరావు చెయ్యి స్టూలు దాకా వచ్చింది. గారె అంచు తాకింది. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి పోయింది. లోపల రజని కీబోర్డు ఇంకా ఆగలేదు. ఇంక చిన్నవాటితో లాభం లేదనుకుని, దాచుకున్నది బయటికి తీశాను.

“ఇవన్నీ ఏటి! మనకి కొత్త రాష్ట్రం ఇచ్చారా? రాయ్‌పూర్ నుంచి జీపులో పెద్దాఫీసర్లు మన గుమ్మంలోకొచ్చారు. అమ్మా, రాష్ట్రం అయితే ఇచ్చేశారు గానీ పెట్టుకోడానికి చోటు చాలట్లేదు, మీ సర్వర్‌లో కొంచెం సర్దండి అన్నారు. ఎంతుంటాది నాయనా అన్నాను. అడవులతో కలిపి చాలానే ఉంటాదన్నారు. సరే, అడవుల్ని దుప్పటిలాగ మడత పెట్టి తెండి అన్నాను. ఆవకాయ జాడీ జరిపి ఒక మూల ఇచ్చాను. ఆ తర్వాత ఏటైందో తెలుసా? మిట్టమధ్యాహ్నం కోడలు భోంచేస్తుంటే సర్వర్‌లోంచి ఏనుగు ఘీంకారం! సర్గుజా అడవి మడత విడిపోయింది. అరటిపళ్ళు పెట్టి నేనే లోపలికి తోలాను. అది విని ప్లాంటువాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చారు, మా బ్లాస్ట్ ఫర్నేస్ ఒకటి పెట్టుకోండమ్మా అని. అది మాత్రం వద్దన్నాను. ఎంతైనా నాకున్నది ఒక్క కూలర్.”

అందరూ నవ్వారు. నరసింగరావు నవ్వలేదు. మెల్లిగా ముందుకి వంగాడు.

“వదినా, ఒక్క మాట. ఆ సర్వర్ ఎక్కడుంది?”

“కళ్ళు లేవా? అదిగో ముందుగదిలో, నేనల్లిన లేసు గుడ్డ కప్పుకుని, ఎర్రలైటు వెలుగుతోంది చూడు.”

“అది మీ ఫ్రిజ్ స్టెబిలైజర్ వదినా. సర్వర్ అమెరికాలో ఉంది. రజని అక్కడ అద్దెకి తీసుకుని మనకిస్తాది. మా సైట్ ఇచ్చిననాడే చెప్పింది.”

“నాకూ చెప్పింది,” అన్నాడు పోలయ్య గారె వైపు చూస్తూ.

“మీరు దానికి కూలర్ పెట్టడం మేం అందరం చూస్తూనే ఉన్నాం ఆంటీ,” అంది డైసీ. “ఎండాకాలంలో కూడా మీ ఇంట్లో పెరుగు పులవదు, అందుకే కాబోలు అనుకున్నాం.”

నేనా లేసు గుడ్డ వంక ఒక్క క్షణం చూశాను. ఒక్క క్షణమే.

“అమెరికాలో ఉన్నది దాని ఒళ్ళు. ప్రాణం తీసి ఇక్కడ పెట్టించాను. ఎవరైనా ప్రాణాన్ని అంత దూరంలో ఉంచుకుంటారేటి?”

అప్పుడు రజని చెమట తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, సంతోషమొస్తే సగం హిందీ. “అంకుల్, చాలూ హో గయా! మీ సైట్ వచ్చేసింది. అక్కడివాళ్ళు మిషన్లు మార్చారు, అందుకే ఆగింది. రేపు మగపెళ్ళివారు చూసుకోవచ్చు.”

“మంచిదమ్మా. అయినా మేం తీసికెళ్తాం,” అన్నాడు నరసింగరావు.

గారెలు అలాగే ఉన్నాయి. రజని మొహం వాడిపోయింది.

“సైట్ ఆగిందని కాదమ్మాయ్. మిషనన్నాక ఆగుతాది, జన్మంతా మిల్లులో చూసినవాణ్ణి. నిన్న నీకు ఫోన్ కొట్టాను. ఎవర్తో పలికింది, హిందీకి ఒకటి నొక్కమంది. నొక్కాను. కంప్లెయింటుకి రెండు నొక్కమంది. నొక్కాను. మీ కాల్ మాకెంతో ముఖ్యం అని వాయిద్యం పెట్టింది. వాయిద్యం అయ్యాక మళ్ళీ ఒకటి నొక్కమంది. రాయ్‌పూర్ కంపెనీకి కొట్టినా ఇదే గొంతు, ఇదే వాయిద్యం. రెండుచోట్లా అదే అయినప్పుడు పెద్దచోటే ఉంటాం కదా!”

“నేనేం చెయ్యను అంకుల్? అత్త ఫోనెత్తి ఏం చెప్తారో మీకు తెలీదు. పోయినేడాది సర్వర్ ఆగితే, తలంటు పోసుకుంటోంది, జుట్టు ఆరాక వస్తాది అని చెప్పారట ఎవరో పాపం కస్టమర్‌కి! ఆయనేమనుకుని ఉంటాడు?”

“ఆ పాపం కస్టమర్ నేనే. ముందు ఒళ్ళు మండింది. తరవాత నవ్వొచ్చింది. మా ఆవిడకి చెప్పాను, ఆవిడా నవ్వి టీ పెట్టింది. టీ తాగేసరికి మీ సర్వర్ జుట్టారింది. నాకు అబద్ధమే చెప్పండమ్మా, ఏం పరవాలేదు. చెప్పేవాళ్ళు మాత్రం మనిషై ఉండాలి.”

రజని లోపలికెళ్ళి ఆ మాట్లాడే యంత్రం తీగ పీకేసింది. ఫోన్‌ని దాని పొడుగాటి వైరుతో సహా తెచ్చి స్టూలు మీద, నరసింగరావు ప్లేటు పక్కన పెట్టింది.

“ఎత్తండత్తా. కానీ ప్లీజ్, షేకులు వద్దు. మంచు వద్దు. ఏనుగులు అసలే వద్దు.”

“ఛ, ఛ! నేనెప్పుడైనా కల్పించి చెప్పానా?” అన్నాను.

అనగానే ఫోన్ మోగింది. ఎత్తాను. అవతల ఎవరో ఉన్నారు, ఊపిరి వినపడుతోంది, మాట లేదు. మాట్లాడని మనిషిని మనం ఏ దేశస్థుడిగానైనా చేసుకోవచ్చు.

“హలో! ఎవరూ, షేక్‌గారా! తిన్నారా? మంచు ఇంకా పడుతోందా? గొడుగేసుకోండి... ఏంటీ, నరసింగరావుగారు పోతున్నారని మీ దాకా వచ్చిందా? అబ్బే, ఎవరో గిట్టనివాళ్ళు పుట్టించిన మాట... ఆయన ఉంటేనే మీరూ ఉంటారా? అరబ్బు దేశాలన్నీనా?” ఫోన్ మీద చెయ్యి మూసి నరసింగరావువైపు తిరిగాను. “అందరూ నీకోసమే ఆగారు మరిదిగారూ. ఏం చెప్పమంటావు?”

“ఉంటారని చెప్పెయ్యమ్మా,” అంది స్తంభం వెనక నుంచి ఒక గొంతు. నా చేతిలో ఫోనూ అదే మాట అంది.

పోలయ్య తన కొత్త సెల్‌ఫోన్ చెవికి ఆనించుకునే ఇవతలికొచ్చాడు. “షేక్‌ని నేనే. యంత్రం పీకేశారు కదా, ఫోన్ మోగుతాదో మోగదో చూద్దామని కొట్టాను.”

డైసీ కుర్చీలోంచి జారిపోయింది. రజని రెండు చేతుల్తోనూ మొహం కప్పేసుకుంది. నరసింగరావు కడుపు పట్టుకుని నవ్వాడు, కళ్ళవెంట నీళ్ళు కారేటట్టు నవ్వాడు, ఆ నవ్వులో ఏం చేస్తున్నాడో చూసుకోకుండా ప్లేట్లోంచి గారె తీసి కొరికాడు. వరండా అంతా చూసింది. చూశామని ఆయన కూడా చూశాడు. నెమ్మదిగా నమిలి మింగాడు.

“తినేశాను కాబట్టి కంప్లెయింటు చెప్పొచ్చా వదినా?”

“చెప్పు బాబూ.”

“గారెల్లో ఉప్పు లేదు.”

“ఉప్పు అమెరికాలో ఉంది. బయల్దేరింది, ఇంకో గారె తినేలోపల వస్తాది,” అన్నాను.