దర్జీ చూసిన గవ్వల దీవి

ఆ వీధి దుకాణాలవాళ్లంతా సెలవు రోజున గవ్వల దీవికి పోదామని పడవ మాట్లాడుకున్నారు. అందరూ సర్దుకోగా చివరికి ఒక్క చోటు మిగిలింది. వస్తామన్నవాళ్లు మాత్రం ఇంకా ఇద్దరున్నారు: దర్జీ, ఆయన కొట్లో కాజాలు కుట్టే అత్తగారు. పడవవాడు మొండిఘటం, ఒక్క మనిషిని కూడా ఎక్కువ ఎక్కించనన్నాడు. మీలో ఎవరో ఒకరు ఆగాలి, మీరే తేల్చుకోండని సాయంత్రం ఇస్త్రీ ఆయనా సైకిల్ షాపు ఆయనా టీ గ్లాసులతో వచ్చి దర్జీ అరుగు మీద కూర్చున్నారు.

ఇన్నేళ్లొచ్చినా దర్జీ పడవెక్కి ఎరగడు. ఆ దీవి చూడాలని కొండంత ఆశ. అయినా పెద్దావిణ్ణి పట్టుకుని మీరు ఆగండని ఏ నోటితో అంటాడు? అందుకని ఇంకో దారి తొక్కాడు.

"నేను రాకపోతే అక్కడ మీకు దిక్కెవరయ్యా? ఆ దీవికి వెళ్లొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే" అన్నాడు కత్తెర పక్కన పెట్టి.

"ఎప్పుడు?" అన్నాడు ఇస్త్రీ ఆయన.

"అప్పుడెప్పుడో లే. ముందే చెబుతున్నా, ఒడ్డంతా గవ్వలే, చిటికెడు ఇసుకుండదు. అడుగేస్తే కరకర, ఆదమరిస్తే అరికాలు జల్లెడ. నేను గనక మునివేళ్ల మీద నడిచాను. అసలు ఈ గవ్వల కింద నేలంటూ ఉందా అని అనుమానం వచ్చి, పొద్దుటినుంచీ తవ్వాను, తవ్వాను, ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆకాశం కనిపించింది. అవతలి పక్కది."

ఇస్త్రీ ఆయన టీ మింగడం మరిచిపోయాడు. అది చూసి దర్జీకి హుషారొచ్చింది.

"అంతలో వాన. ఎదురుగా ఈ కొట్టంత గుల్ల కనబడితే దూరి నడుం వాల్చాను. కాసేపటికి ఎవరో తట్టి లేపారు. చూద్దును కదా, పీత! ఆ గుల్ల దాని ఇల్లట. పాపం ఒంటి మీద నూలుపోగు లేకుండా వానలో వణుకుతోంది. చేతిలో విద్య పెట్టుకుని చూస్తూ ఊరుకుంటామా? ఒడ్డుకు కొట్టుకొచ్చిన తెరచాప గుడ్డ చించి చొక్కా కుట్టాను. పది చేతుల చొక్కా."

"పీత పక్కకు కదా నడిచేది, కొలతలెలా తీశావు?" అన్నాడు సైకిల్ షాపు ఆయన.

"నేనూ దాంతోపాటే పక్కకు నడిచాను" అన్నాడు దర్జీ తడుముకోకుండా.

ఇక ఆగలేదు. ఆ చొక్కా చూసి దీవిలో పీతలన్నీ వరస కట్టాయట, ఒక ముసలి పీత లోపలి జేబు కూడా కావాలని పేచీ పెట్టిందట. ఈలోగా పడవ వెళ్లిపోతే, ఆ పీతలన్నీ కలిసి దీవినే వీపున ఎత్తుకుని వచ్చి, ఈయన్ని మన రేవులో దించి, మళ్లీ తీసుకెళ్లి ఎక్కడిదక్కడ పెట్టేశాయట.

వింటున్న ఇద్దరికీ నవ్వాగలేదు. ఇలాంటివాడు పడవలో ఉంటే ప్రయాణం తెలియదు, దర్జీయే రావాలన్నాడు సైకిల్ షాపు ఆయన. దర్జీ కాలరు సర్దుకున్నాడు.

లోపల అత్తగారు దారం పంటితో తెంపి, చొక్కా మడిచి, గుమ్మంలోకి వచ్చింది.

"అల్లుడుగారు అంతా చూసేశారు. ఇంక అక్కడ ఆయనకి చూడాల్సిందేముంది? ఆ చోటు నాకివ్వండి. నేను దీవంటే ఎలా ఉంటుందో ఎరగను" అంది.

న్యాయమే కదా అన్నాడు ఇస్త్రీ ఆయన.

"మరి దారి..." అన్నాడు దర్జీ.

"దారి పడవవాడికి తెలుసు బాబూ."

నేనసలు వెళ్లనే లేదని ఒక్క మాటంటే చోటు దక్కేదేమో. కానీ ఇంతసేపూ చెప్పిందంతా ఏం కావాలి? దర్జీ తప్పకుండా వెళ్లిరండి, నాకది కొత్తేం కాదన్నాడు. టీలు తాగినవాళ్లు లేచి వెళ్లిపోయారు. ఆయనకి మాత్రం ఏడుపొక్కటే తక్కువ. కత్తెర తీశాడు, పెట్టాడు, చివరికి ఉండబట్టలేక అత్తగారి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"అత్తయ్యగారూ, వెళ్లొచ్చాక ఆ ఒడ్డు ఎలా ఉందో నాకు చెబుతారా?"

ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తలేదు.

"చెబుతాను బాబూ. మీ అంత బాగా చెప్పడం నాకు రాదు. చూసింది మాత్రమే చెబుతాను."