జార్జ్ అప్పన్న గారు గీసిన సుద్దగీత

శ్రీ జార్జ్ అప్పన్న గారు 1962 జూన్ 4వ తేదీ, సోమవారం నాడు డర్బన్‌లోని మన పౌరసేవా కార్యాలయపు వర్క్‌షాపులో బోర్డులు రాసే పెయింటరుగా ఉద్యోగంలో చేరారు. ముప్పయ్యేడు సంవత్సరాల నిష్కళంక సేవానంతరం ఈ జూన్ 30న పదవీ విరమణ చేస్తున్నారు. తన అత్తగారు మాట్లాడిన భాషలో ఒక్క వ్యాసమైనా ఈ వీడ్కోలు సంచికలో ఉండాలని వారి సతీమణి శ్రీమతి మర్టల్ గారు కోరినందున ఇది తెలుగులో వెలువడుతోంది; వీడ్కోలు సభలో దీని అర్థం ఇంగ్లీషులోనూ, జులూలోనూ చెప్పబడుతుంది. ఇది అభినందన వ్యాసమే గాని, ఇందులో కోపం ఉంది. దాన్ని పూలదండ కింద దాచడం ఆయనకే అవమానం.

ముత్యాల్లాంటి ఆయన అక్షరాలతో ఈ కార్యాలయం రాయించుకున్నదేమిటి? ముందు తలుపుకు ‘తెల్లవారికి మాత్రమే’ అనీ, వెనక తలుపుకు ‘ఇతరులు’ అనీ. తాను రాసిన బోర్డు కింద నుంచి తానే నడిచే వీలు లేక, చేతులకంటిన రంగు ఆరకముందే ఆయన వెనక తలుపు గుండా బయటపడి ఊరి శివారు అవోకాకు వెళ్లే బస్సు ఎక్కేవారు. ప్రధాన పెయింటరు పదవి మూడుసార్లు ఖాళీ అయింది. మూడుసార్లూ ఆయన దగ్గర పని నేర్చుకున్న తెల్లవారికే దక్కింది. 1990లో ఆ బోర్డులు తీసేయమని ఆదేశం వచ్చినప్పుడు, నిచ్చెనెక్కి మరలు విప్పే పని కూడా ఆయన నెత్తినే పెట్టారు. క్షమాపణ చెప్పాలని ఒక్కరికీ తోచలేదు.

1994లో కొత్త ప్రభుత్వం వచ్చిన రెండేళ్లకు, పెన్షను, గుర్తింపు పుస్తకం, ఇంటి దరఖాస్తు వివరాలను వేలితో తాకగానే బొమ్మలతో, గొంతుతో చెప్పే కంప్యూటరు తెరలను మన హాల్లో పెట్టాలని నిశ్చయించారు. అలాంటి తెరను రూపొందించే ప్రాథమిక పాఠాల కోసం ఆరు వారాల తరగతి పెడితే, యాభయ్యేడేళ్ల జార్జ్ గారు పేరిచ్చారు. అందరూ నవ్వారు. నవ్వినవారిలో మొదటివాడు ఆ తరగతి శిక్షకుడు శశికాంత్, అంతకు ముందు ఏడాదే హైదరాబాదు నుంచి వచ్చిన ప్రోగ్రామరు, ఈ వ్యాసం రాస్తున్నవాడు.

మొదటి రోజునే జార్జ్ గారు జేబులోంచి సుద్దముక్క తీసి, బోర్డు మీద గీసినట్టే మానిటరు అద్దం మీద, శశికాంత్ నమూనా పేజీలోని వెనక్కి వెళ్లే బటన్ అంచున, అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీసేశారు. శశికాంత్ ఇంతెత్తున లేచాడు. “కోపం వద్దు బాబూ, పేజీ తిప్పు,” అన్నారాయన. పేజీ తిప్పితే, ఆ బటన్ సుద్దగీత దాటి వేలెడంత కిందికి జారింది. మూడో పేజీలో ఇంకెక్కడికో పోయింది. “ముసిలి ఆయమ్మ చెయ్యి ఏడ పెట్టుద్ది? నిన్న ఉన్నకాడే పెట్టుద్ది గదా,” అన్నారు. చదువుకున్న శశికాంత్ ఆ వేళ నేర్చుకున్న పాఠం అది.

తరగతి ముగిశాక, జార్జ్ గారినీ చేర్చుకున్న బృందం హాలు తెర పని మొదలుపెట్టింది; ముందు మొదటి పేజీ. శశికాంత్ నడుమ పెద్దదిగా ‘ఇంగ్లీష్’ బటన్ పెట్టి, అడుగున చిన్నగా ‘ఇతర భాషలు’ అని పెట్టాడు. జులూ దాని లోపల ఉంది. హాల్లో నిలబడే పదిమందిలో ఎనిమిదిమంది జులూ మాట్లాడేవారేనని అతనికి తెలుసు, అయినా పట్టలేదు. సమావేశంలో జార్జ్ గారు ఆ పేజీ చూసి లేచి నిలబడ్డారు.

“ఈ బోర్డు నాను ముందే రాసా. ఒక తలుపు ముందర, ఒక తలుపు ఎనక. మళ్లీ రాయమంటావా? ఐకోనా, కానే కాదు! నా చెయ్యి రాయదు.”

“ఒకసారికి బదులు రెండుసార్లు తాకాలి, అంతేగా జార్జ్?” అన్నారు సమావేశం నడుపుతున్న అధికారి.

“ఆ రెండోసారి ఎవురు తాకాల, సార్? ఎప్పుడూ వాళ్లేనా?”

బృందంలో అందరూ సంతకం పెట్టవలసిన ఆమోద పత్రం మీద జార్జ్ గారు పెట్టలేదు. డిజైనరుగా పదోన్నతి పోతుందని అధికారులన్నారు, పోనిమ్మని ఆయనన్నారు. ఆ సంతకం లేక పని ఆగిపోయింది; పదకొండు రోజుల తరువాత, ఒకే సుద్దగీత మీద, ఒకే కొలతతో, ఇంగ్లీషూ జులూ పక్కపక్కన నిలిచాయి. డిజైనరు పదవి మాత్రం బయటినుంచి తెచ్చినవారికి ఇచ్చారు. ఈనాటి విరమణ పత్రంలో కూడా ఆయన హోదా ‘బోర్డుల పెయింటరు’ అనే ఉంది. సిగ్గుపడవలసింది ఆయన కాదు.

ఇంతలో గత వారం మరో ఉత్తర్వు: అందం కోసమట, జూలై 1 నుంచి ‘ఇతర భాషలు’ బటన్ ఉన్న పాత మొదటి పేజీనే పెట్టాలట. ఆయన గుమ్మం దాటేదాకా కూడా ఆగలేకపోయారు! ఆ మార్పు చేయవలసినవాడు శశికాంత్. అందరి ఎదుట అతని జవాబు ఇదే: నా చెయ్యి రాయదు.

శ్రీ జార్జ్ అప్పన్న గారు, శ్రీమతి మర్టల్ గారు ఆయురారోగ్యాలతో, కంటి చూపూ చేతి పట్టూ సడలకుండా చిరకాలం చల్లగా ఉండాలి. ఇకమీదట తమ పెన్షను వివరాల కోసం ఆయన కూడా మన హాల్లో ఆ తెర ముందే నిలబడతారు. జేబులో సుద్దముక్కతో ఆయన వచ్చిన ప్రతిసారీ, ఆ రెండు బటన్లూ ఆయన గీసిన గీత మీదే ఉండాలి.