ఇంట్లో ఇస్త్రీ చీర

"నేనడిగేది అది కాదు. ఇస్త్రీ పెట్టె వేడిగా ఎందుకుంది?"

"ఇస్త్రీ పెట్టె వేడిగా కాక చల్లగా ఉంటుందేంటండీ?"

చెప్పులైనా విడవకుండా, ఆఫీసు వదలకముందే ఇంట్లో ఊడిపడ్డాడు భర్త. పడగ్గది గుమ్మంలో భార్య ఉంది. మడత నలగని నీలం చీర, కళ్ళకి కాటుక. దొరికిపోయింది పాపం.

"మాట దాటెయ్యకు. ఎవరొస్తున్నారు?"

"ఎవరూ రావట్లేదు. మీరేంటి, ఇంత పెందరాళే?"

"ఒంట్లో బాలేదని చెప్పి వచ్చా."

"బానే ఉన్నారుగా?"

"ఇందాకటిదాకా బానే ఉన్నా. ఇప్పుడే పాడైంది."

"మెల్లిగా. బుజ్జిది లేస్తుంది."

"లేవనీ. దాన్నే అడుగుతా. నిన్న కూడా అడిగాను. అమ్మ పగలేం చేస్తుందే అంటే, మూతికి రంగు అని చెప్పింది."

"మాటలు సరిగ్గా రాని పిల్లని సాక్ష్యం అడిగారా? సిగ్గులేదూ?"

"సిగ్గు సంగతి తర్వాత. మొన్న తలుపు తియ్యగానే సెంటు వాసన. నిన్నేమో ఇస్త్రీ పెట్టె. నేనొచ్చేసరికి నువ్వేమో ఎప్పటిలాగే నైటీ, భుజాన తువ్వాలు, జుట్టు ముడి. నేను వెర్రివాణ్ణనుకున్నావా?"

"అనుకోలేదు."

"మరి ఎక్కడికెళ్తున్నావ్?"

"ఎక్కడికీ వెళ్ళను."

"ఎవరూ రారు, ఎక్కడికీ వెళ్ళవు. ముస్తాబు మాత్రం రోజూనా? ఈ చీర కట్టుకుని ఏం చేస్తావ్ మరి?"

"గిన్నెలు తోముతాను."

"ఏంటీ?"

"గిన్నెలు తోముతాను. బట్టలారేస్తాను. బుజ్జిదానికి తినిపిస్తాను. నిన్న కొంగుకి అన్నం అంటించింది, ఉతకాల్సొచ్చింది."

"కథలు చెప్పకు. చీర కట్టుకుని, కాటుక పెట్టుకుని గిన్నెలు తోముతుందట! ఎవరైనా నమ్ముతారా?"

"నమ్మకండి."

"నా వంక చూసి చెప్పు. దీని వెనక మనిషి ఎవరైనా ఉన్నాడా, లేడా?"

"ఉన్నాడు."

"ఉన్నాడా! మగాడా?"

"మగాయనే."

"నాకు తెలిసినవాడేనా?"

"బాగా. మీరే ఇంటికి తీసుకొచ్చారు."

"నేను తీసుకొచ్చానా? నేనెవర్ని... మా ఆఫీసరా?"

"అరవకండి."

"ఆయనొచ్చింది ఒక్కసారేగా! అదీ నేను పక్కనే ఉండగా. ఏమన్నాడు నిన్ను?"

"నన్నేమీ అనలేదు. అసలు నన్ను చూస్తేగా. మిమ్మల్నే అడిగారు."

"నన్నా? ఏమడిగాడు?"

"గుర్తులేదా?"

"పని విషయాలేవో మాట్లాడుకున్నాం. ఏదో కబుర్లు. అవన్నీ ఎవడికి గుర్తుంటాయి?"

"నాకు గుర్తున్నాయి. మీ మిసెస్ కనపడటం లేదేమిటి అన్నారు. మంచినీళ్ళ గ్లాసులు పట్టుకుని నేను మీ ఎదురుగానే నుంచున్నా."

"అదిప్పుడెందుకు?"

"పాలమరకల నైటీ వేసుకున్నా. బుజ్జిదానికి స్నానం చేయించి అప్పుడే వచ్చా, మోచేతులు తడిగానే ఉన్నాయి. మీరు తలెత్తి నా వంక చూశారు. కాళ్ళ దాకా చూశారు. చూసి ఏం చెప్పారు?"

"అది... ఏదో నోటికొచ్చింది..."

"ఏం చెప్పారండీ?"

"వదిలెయ్యవే."

"మీరే చెప్పండి. అడిగింది మీరేగా, దీని వెనక ఎవరున్నారని."

"ఊళ్ళో లేదన్నాను."

"ఆ. ఊళ్ళో లేదండీ అన్నారు. ఆయన నా చేతిలో గ్లాసు తీసుకుని, ఇంకాస్త నీళ్ళు తేమ్మా అన్నారు. తెచ్చాను. వంటింట్లోకెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను, వినపడకుండా."

"అప్పుడే చెప్పొచ్చుగా నాతో."

"ఏమని చెప్పను? నేను మీ భార్యనండీ అనా?"

"ఉన్నట్టుండి ఇంటికొస్తానన్నాడు. నువ్వలా కనపడేసరికి... ఛ! నాదే తప్పు. సరేనా? నాదే తప్పు."

"సరే."

"మా ఇంటావిడే అని చెప్పాల్సింది. నోరు రాలేదు. ఇన్నాళ్ళూ నీ మీద లేనిపోనివన్నీ ఊహించుకున్నాను చూడు."

"ఊహించుకోడానికైనా నన్ను తల్చుకున్నారుగా."

"దెప్పకు. చీర బావుంది నీకు. నిజంగానే."

"తెలుసు. ఇది కట్టుకుని అద్దంలో చూసుకుంటే, ఎవరో తెలిసినావిడ కనపడుతుంది. బుజ్జిది పుట్టాక నేను మర్చిపోయినావిడ. బావుంటుంది కాసేపు."

"మరి ఒక్కమాట అడగనా? కోపంతో కాదు, ఊరికే అడుగుతున్నా."

"అడగండి."

"ఇంత చక్కగా తయారవుతావు కదా. నేనొచ్చే వేళకి మళ్ళీ ఆ నైటీలోకి మారిపోవడం ఎందుకు?"

"మీరింట్లో ఉన్నప్పుడు మీ ఆవిడ ఊళ్ళో ఉండదు కదండీ."